రెండు వందల పదమూడో పేరు

మా పాత కంప్యూటర్‌కి కాలం చెల్లిందన్న కబురు మొట్టమొదట మోసుకొచ్చింది మా పక్కింటి రమణమ్మ పిన్ని. గేటు దగ్గరనుంచే కేకేసింది. "ఒలే సత్యా, మీ డబ్బాకి నూకలు చెల్లిపోనాయటే! ఇంక కంపెనీవోళ్లు దానికి మందూ మాకూ ఇవ్వరట. మా అల్లుడు సెప్పినాడు."

దెయ్యాలని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. రోజూ సాయంత్రం దీపం పెట్టి, ఆ రోజు గడిచినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషిని. ఆయన ఉన్న ఇంట్లో ఇంకోటి తిరుగుతుందంటే నాకు నవ్వొచ్చేది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. దానికి పేరు పెట్టడం నాకు చేతకాదు.

మాది హిందీ మాట్లాడే ఊరు, బిలాస్‌పూర్. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికొచ్చిన కుటుంబం. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నేను బడికి వెళ్లలేదు. మా అన్నయ్య రైళ్లకి లీవర్లు లాగి దారిచ్చే సిగ్నల్ కేబిన్లో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా నా పక్కన కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. నాకొచ్చిన చదువు తెలుగొక్కటే, అదీ ఆయన చలవే. రిటైరై రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాక ఒక కంప్యూటర్ కొన్నాడు. నేను కూడా చదువుకోగలగాలని దాని ఆపరేటింగ్ సిస్టంని తెలుగులోకి మార్పించాడు. తెర మీద ప్రతి మాటా తెలుగే.

దాని మీద అన్నయ్య చేసిన పని ఒక్కటే. ఇక్కడి మా పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. పితృ అమావాస్యనాడు అర్పా నది ఒడ్డున పంతులుగారు ముత్తాత పేరేమిటి, గోత్రమేమిటి అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అన్నయ్య ఇల్లిల్లూ తిరిగి, ముసలివాళ్లని అడిగి, పోయినవాళ్ల పేర్లూ గోత్రాలూ సొంతూళ్లూ టైపు చేశాడు. ఒక్కో వరసలో ఒక్కో మనిషి. ఆయన పోయాక ఆ పని నేను అందుకున్నాను. ఏటా అమావాస్య ముందు జనం మా ఇంటికొచ్చి తమ వాళ్ల పేర్లు రాయించుకుని వెళతారు. అన్నయ్య రాసుకున్న కాగితాలు ఎప్పుడో చెదలు తినేశాయి. ఆ ఫైలు పోతే మళ్లీ చెప్పడానికి ఆ ముసలివాళ్లలో చాలామంది లేరు.

పిన్ని తెచ్చిన కబురు నిజమేనని తేలాక ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. కొత్త సిస్టం వేసినప్పటినుంచి తన బ్యాంకు కంప్యూటర్ జనాన్ని నిలబెట్టి తెర మీద సున్నాలు చుడుతోందని పిన్ని అల్లుడు. బొత్తాలన్నీ చోటు మారిపోయాయి, తన చెప్పులు ఎవరో సర్దేసినట్టుందని ఎదురింటి రిటైర్డు గుమస్తాగారు. మా మేనకోడలు జ్యోతి, అంటే అన్నయ్య కూతురు, ఊరి పక్క కోనిలో ఉన్న యూనివర్సిటీలో చదువుతోంది. దానిది ఇంకో మాట. "అత్తా, దీని షకల్, మొహం చూడు, దాదాజీ జమానాది! కొత్తది ఎంత సాఫ్‌గా ఉంటదో తెలుసా?"

అన్నయ్య ఉన్నప్పుడూ ఈ వాదన వచ్చింది. "అందం ఎందుకే? లీవర్ ఎక్కడుందో సూడకుండానే సేతికి తెలవాల. లాగింది లాగినకాడ నిలబడాల. బండి వస్తుంటే కేబిన్ మారుస్తావేటి?" అనేవాడు. నిజంగానే ఆ కంప్యూటర్ మా ఇంటికొచ్చిన తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

కానీ పాతదానికి కాపలా ఉండదని, ఏ వైరసో వచ్చి పేర్లన్నీ ఎత్తుకుపోతుందని నాకు భయం పట్టుకుంది. సరే మార్చెయ్యమన్నాను. అమావాస్య ఇంకా రెండు రోజులుంది. ఉదయం పది దాటింది.

ఆ కంప్యూటర్ దగ్గర మా ఇద్దరిదీ ఒక పద్ధతి. నేను చదువుతాను, జ్యోతి నొక్కుతుంది. తెర మీది తెలుగు దానికి రాదు, దేన్ని నొక్కితే ఏమవుతుందో నాకు తెలియదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి. ముందుగా 'పేర్లు' అన్న బొమ్మని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. తర్వాత కొత్త సిస్టం వేసే పని మొదలైంది. నేను చదవడం, అది నొక్కడం.

అంతలో పిన్ని కరివేపాకు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. రెండు మాటలాడి వద్దామని లేచాను. తప్పు నాదే.

తిరిగి వచ్చేసరికి జ్యోతి తీరిగ్గా కూర్చుని ఉంది. "ఏదో అడిగింది అత్తా. ఎడమ పక్కది నొక్కేశాను. ఎప్పుడూ అదే కదా?"

ఆ మాటలింకా తెర మీదే ఉన్నాయి. చదివాను. 'ఈ డిస్క్‌లోని ఫైళ్లన్నీ చెరిగిపోతాయి. తర్వాత వెనక్కి తీసుకురావడం కుదరదు.' కింద ఎడమ పక్కన 'కొనసాగించు' అన్న బొత్తం నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది.

జ్యోతికి చదివి వినిపించాను. అది గబుక్కున మౌస్ కదిపింది, బాణం కదల్లేదు. ఏ మీట కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. తెర మూల గడియారం పది ఇరవై దగ్గర ఆగిపోయింది. గోడ గడియారం నడుస్తూనే ఉంది.

జ్యోతి పెన్‌డ్రైవ్‌ని తన ల్యాప్‌టాప్‌లో పెట్టి చూసింది. "అత్తా, ఇందులో ఖాళీ బొమ్మే వచ్చింది. అసలు ఫైలు రాలేదు," అని ఏడుపు మొదలెట్టింది.

డబ్బా ముందున్న చిన్న ఎర్ర దీపం మాత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. అంటే లోపల డిస్క్ తిరుగుతోందట, చెరిపేస్తోందేమోనట. జ్యోతి స్నేహితులకి ఫోన్ చేసింది. వెంటనే ఆపెయ్యమని ఒకమ్మాయి, మధ్యలో ఆపితే డిస్క్ మొత్తం పాడవుతుందని ఇంకొకమ్మాయి. ఆపితే ఒక భయం, ఆపకపోతే ఒక భయం.

నేను దేవుడి ముందు కూర్చుని, గుర్తున్న పేర్లు పైకి చెప్పుకోవడం మొదలుపెట్టాను. నలభై దాకా వచ్చాయి. తర్వాత రాలేదు. తక్కినవాళ్ల మొహాలు కూడా నేనెరగను.

ఒంటిగంట దాటాక ఆ ఎర్ర దీపం ఆగింది. "దేవుడి మీద భారం వేసి ఆపెయ్యి తల్లీ," అన్నాను. జ్యోతి డబ్బా మీది మీట నొక్కి పట్టుకుంది. మళ్లీ వేసింది.

పాత తెరే వచ్చింది. 'పేర్లు' బొమ్మ తన చోటే ఉంది. తెరిస్తే అన్నీ ఉన్నాయి. ఆ క్షణాన నా కళ్లకి ఏమీ కనబడలేదు, దణ్ణం పెట్టడమొక్కటే తెలుసు.

తర్వాత వరసలు చూశాను. ముందురోజు సాయంత్రం పని ముగించి కేలండర్ మీద 212 అని రాసుకున్నాను, ఇప్పటికీ ఉంది. ఫైల్లో 213 ఉన్నాయి. నిన్న నేను టైపు చేసిన పేరు కింద ఇంకో వరస.

'సూరయ్య. కేబిన్. గోత్రం తెలియదు. ఎవరూ లేరు..'

చివర రెండు చుక్కలు. అన్నయ్య వేలు బరువు. లీవర్లు లాగిన చెయ్యి కదా, వరస ముగించేటప్పుడు మీటని గట్టిగా పట్టేవాడు. ఆయన కొట్టిన ప్రతి వరస చివరా రెండు చుక్కలే ఉంటాయి. నావన్నీ ఒక్క చుక్కే. ఫైలు చివరిసారి భద్రపరిచిన సమయం ఆరోజు ఉదయం పది ఇరవై అని చూపిస్తోంది.

పాత కాపీ ఏదైనా బయటికొచ్చిందేమో అంది జ్యోతి. పాతదైతే నిన్నటి నా వరస దానికి పైన ఎలా ఉంటుంది?

మర్నాడు బిల్హా నుంచి లోకల్ బండిలో అప్పలస్వామి తాత వచ్చాడు, తన వాళ్ల పేర్ల కోసం. అన్నయ్యతో పనిచేసిన మనిషి. సూరయ్య ఎవరు తాతా అని మామూలుగా అడిగాను. చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆడి పేరు నీకెవులు సెప్పినారమ్మా? మీ అన్నకి లీవర్ పట్టడం నేర్పినోడు ఆడే. ముందూ ఎనకా ఎవులూ నేరు. నానూ మీ అన్నా ఆడి పాడె మోసినాం. ఆడి గోత్రమేటో తెలీక కర్మలేటీ సెయ్యలేదు."

అన్నయ్య నాకు ఆ పేరు ఒక్కనాడూ చెప్పలేదు. జ్యోతికీ తెలియదు.

అమావాస్యనాడు అర్పా ఒడ్డున, గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పొచ్చని పంతులుగారు అన్నారు. అప్పలస్వామి తాత సూరయ్యకి నువ్వులూ నీళ్లూ వదిలాడు.

ఆ కంప్యూటర్ మళ్లీ ఎప్పుడూ బిగుసుకుపోలేదు. దాన్ని మార్చలేదు. పేర్లన్నీ నోటు పుస్తకంలోకి ఎత్తి రాశాను. జ్యోతి ఇప్పుడు రోజూ నా దగ్గర పలక పట్టుకుని అక్షరాలు దిద్దుతోంది. ఆరోజు తెర మీద ఏం జరిగిందో నాకింకా తెలియదు. పోయిన పేర్లు తిరిగి ఇచ్చిన దేవుడికి మాత్రం రుణపడి ఉన్నాను.

చదివిన మీకు నాదొక మనవి. ఈసారి మీవాళ్లకి నీళ్లు వదిలేటప్పుడు చివర్లో ఒక్కసారి సూరయ్య పేరు కూడా అనండి. కాశ్యప గోత్రం. అంతకన్నా ఆయన గురించి మాకేమీ తెలియదు.