పేరు పెట్టి, పేరు తీసేసిన మేడం

పొద్దున్నే పాడేరు నుంచి ఫోను వచ్చింది. చేసింది మేడం మేనకోడలు. "అత్త ఎల్లిపోయింది మేడం. రాత్రి బాగానే మాటాడింది. తెల్లారి లేపితే లేవనేదు," అంది. ఏడవడం లేదు. ఏడుపు అయిపోయిన గొంతు అది. "ఊరు తీసుకెల్లిపోతన్నాం. మీరు బేగి వచ్చీయండి," అంది.

చోడవరంలో బస్సెక్కాను. ఘాటు రోడ్డు మలుపుల్లో మంచు కిటికీ దాకా వచ్చి ఆనింది. పక్కసీటులో ఎవరో నిద్రపోతున్నారు. నేను నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉండి, ఆవిడతో గడిపిన ఏళ్ళలోకి వెళ్ళిపోయాను. పాడేరు చేరేవరకూ బయటికి రాలేదు.

ఆవిడ పాడేరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. నేను తెలుగు. మావి పక్కపక్క ఇళ్ళు, మధ్యలో నడుమెత్తు గోడ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం గోడ మీదుగా చూస్తే, పెరట్లో పీట వేసుకు కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో ఏదో తోముతున్నారు. వెండి నగలేమో అనుకున్నాను. దగ్గరకు వెళితే పళ్ళెం నిండా నత్తగుల్లలు.

"ఏం చేస్తున్నారు మేడం?" అని అడిగాను.

"మొహాలు కడుగుతున్నానమ్మా. బురద పోతే గాని ఎవరు ఎవరో తెలీదు," అన్నారు.

అలా మొదలైంది మా స్నేహం. సెలవురోజున ఆవిడ గెడ్డల వెంట బయల్దేరితే నేనూ వెళ్ళేదాన్ని. టీ వడపోసే జల్లెడ, గాజు సీసాలు, మధ్యాహ్నానికి చోడి రొట్టె, అంటే రాగిరొట్టె. కొండవాగును మా వైపు గెడ్డ అంటాం. ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడితే ఇక కాలం ఉండేది కాదు. నేను ఒడ్డున కూర్చుని చలికి ముడుచుకుపోతూ "వెళ్దామా?" అంటే, "నత్తకి లేని తొందర మనకేటమ్మా," అనేవారు. కాలేజీలో శుభ్రమైన పుస్తకాల తెలుగు మాట్లాడే మనిషి, నీళ్ళలో దిగేసరికి పుట్టినూరి మాటలోకి జారిపోయేవారు.

ఆవిడ పుట్టింది పెదబయలు దాటాక, జీపు దిగి కొండెక్కి వెళ్ళవలసిన ఒక చిన్న ఊళ్ళో. తల్లిదండ్రులు పోడు చేసుకుని బతికినవాళ్ళు. అక్కడి నుంచి చదువుకుంటూ చదువుకుంటూ, పరిశోధన రోజుల్లో ఒక వానాకాలమంతా ఎక్కడో దూరదేశపు దీవిలో ఒక ప్రాచీన సరస్సు ఒడ్డున గడిపారు. ఆ సరస్సు సంగతి ఆవిడ చెబుతుంటే కల చెబుతున్నట్టుండేది. మనుషులు పుట్టకముందు నుంచీ ఎండని నీళ్ళు. పడవలో కూర్చుని వంగి చూస్తే అడుగున రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చట. ఒడ్డు రాళ్ళ మీద ఒక నత్త, ఇసుకలో ఇంకొకటి, మునిగిన మానుల మీద వేరొకటి, వెలుగు చేరని లోతులో మరొకటి. అన్నీ ఎప్పుడో ఒకే తల్లి నుంచి విడిపోయినవే. వాటిని ఏరి, గుల్ల వంపులు గీసి, నాలుక మీది పళ్ళ వరస సూక్ష్మదర్శినిలో చూసి, ఇంతవరకూ ఎవరూ వర్ణించని జాతి అని తేల్చి పేరు పెట్టే బృందంలో ఆవిడ ఒకరు.

"అక్కడ రాయి తిరగేస్తే కొత్త నత్త. ఇక్కడ కొండలన్నీ తిరిగినా పాత చుట్టాలే," అని నవ్వేవారు.

అలాంటిది ఒక ఏడు, పుట్టినూరికి వెళ్ళి వచ్చిన ఆవిడ బస్టాండు నుంచి ఇంటికి కూడా పోకుండా సరాసరి మా ఇంట్లోకి వచ్చారు. గుప్పిట తెరిచి చూపించారు. ఊరి పైన కొండ పాదంలో ఒక ఊటమడుగు ఉంది. అందులో దొరికిన నత్త. గెడ్డల్లో ఉండే నత్త గుల్ల నున్నగా ఉంటుంది. దీని గుల్ల మందంగా, చుట్టూ ఎత్తయిన వరసలతో, కొండవాలు మీద మెట్లుమెట్లుగా కట్టిన మడి గట్లలా ఉంది. చిన్నప్పుడు ఆ మడుగులో ఈదిన మనిషి, దాన్ని కూర వండుకు తిన్న మనిషి, నడివయసులో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు.

ఆ నత్తను వర్ణించడానికి ఆవిడకు చాలాకాలం పట్టింది. సాయంత్రాలు బొమ్మలు గీసేవారు. గీసినది చెరిపేవారు. "చూసింది రాయాలి. చూడాలనుకున్నది కాదు," అని తనకు తానే చెప్పుకునేవారు. చివరికి పేరు దగ్గర ఆగి, "నువ్వు తెలుగు మేడానివి. ఒక మంచి మాట ఇయ్యి," అన్నారు. గుల్ల మీది వరసలు చూసి 'గట్టు' అన్నాను. ఆవిడ ఆ మాటను నాలుక మీద తిప్పి చూసుకుని, లాటిన్ తోక ఒకటి తగిలించి రాసేశారు.

అచ్చయ్యాక పేపర్లో వార్త వచ్చింది. ఊరివాళ్ళు మురిసిపోయారు. బడి గోడ మీద నత్త బొమ్మ వేయించారు. మడుగు నత్తల్ని తినడం మానేశారు. అప్పటికే ఆ మడుగు పైన కొండరాయి తవ్వడానికి కింది మైదానం నుంచి ఎవరో క్వారీకి అర్జీ పెట్టి ఉన్నారు. లోకంలో మరెక్కడా లేని ప్రాణి ఇక్కడుందని తెలిశాక ఆ అర్జీ ఆగిపోయింది. ఊరంతా నత్త కాపాడింది అనుకుంది. ఆవిడ మాత్రం, "పేరు పెట్టీసి ఎల్లిపోకూడదమ్మా. పెట్టినోళ్ళే కాపలా ఉండాలి," అనేవారు. ఆ కాపలా ఎటు తీసుకెళ్తుందో అప్పటికి మా ఇద్దరికీ తెలీదు.

మడుగు నత్తలు ఎలా పెరుగుతాయో చూడాలని ఆవిడ పెరట్లో తొట్లు పెట్టారు. గుడ్లు పగిలి, ఆవగింజంత పిల్లలు గోడలకు అంటుకున్నాయి. రోజూ కాఫీ గ్లాసుతో తొట్టి పక్కన కూర్చునేవారు. నెలలు గడిచే కొద్దీ ఆవిడ మాట తగ్గింది. ఒకరోజు నన్ను పిలిచి, ఒక పిల్లనత్తను వేలి మీద పెట్టి చూపించారు. గుల్ల నున్నగా ఉంది. గట్లు లేవు.

"ఇది గెడ్డ నత్త కదా," అన్నాను.

"కాదు. మడుగు నత్త కడుపున పుట్టింది."

మడుగులో పీతలున్నాయి. ఆ గెడ్డలో లేవు, ఈ తొట్లో లేవు. అదొక్కటే తేడా. ఆవిడ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి గెడ్డ నత్త పిల్లల్ని ఒక తొట్లో వేసి, అందులో వల బుట్టలో ఒక పీతను ఉంచారు. తినలేదు, ముట్టలేదు, ఊరికే దాని వాసన నీళ్ళలో ఉంది. ఆ పిల్లల గుల్లలు మందమెక్కాయి. మెల్లగా గట్లు లేచాయి. దూరాన ఉన్న ల్యాబుకు పంపిన నత్త కండ ముక్కలూ అదే చెప్పాయి. గెడ్డలోదీ మడుగులోదీ ఒకటే జాతి. భయం ఉన్న నీళ్ళలో గుల్ల అలా కట్టుకుంది, అంతే.

ఆ సాయంత్రం ఇద్దరం వెనక వసారాలో కూర్చున్నాం. కాఫీ తోటల మీంచి మంచు దిగుతోంది. ఈ సంగతి అచ్చులో చెబితే క్వారీ అర్జీ మళ్ళీ లేస్తుంది. నేను అదే అన్నాను.

"మీరు ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది మేడం? మడుగు బతుకుతుంది కదా."

"నాకు తెలిసిపోయింది కదమ్మా. ఇప్పుడు తెలీనట్టు ఎలా ఉండేది?"

"మీ ఊరు..."

"అందుకే ముందు ఊరికి చెప్తాను. తర్వాతే రాస్తాను." మంచు వైపు చూస్తూ మళ్ళీ తనే అన్నారు. "ఆ సరస్సు నా కళ్ళలో ఉండిపోయింది. ప్రతి నీళ్ళకీ ఒక కొత్త నత్త ఉంటాదనుకున్నాను. నా ఊరికి కూడా ఒకటి కావాలనుకున్నాను."

నేను పెట్టిన పేరు పోతోందని నాకూ బాధగా ఉండింది. ఆవిడకు అది తెలుసు. లోపలికి వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, "మంచి మాటేనమ్మా నువ్విచ్చింది. నేనే తప్పు చోట పెట్టాను," అన్నారు.

ఆవిడతో పాటు నేనూ ఆ ఊరు వెళ్ళాను. బడి వసారాలో జనం చేరారు. వెనక గోడ మీద నత్త బొమ్మ. ఆవిడ పళ్ళెంలో రెండు గుల్లలు పెట్టి అందరి చేతుల్లోకీ పంపించారు. తన ఊరి మాటలో, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా, పీత సంగతి, తొట్ల సంగతి చెప్పారు. "కొత్త నత్త అని నాను రాసింది తప్పు. ఆ తప్పు నానే దిద్దాలి. దిద్దితే క్వారీవోళ్ళు మల్లా వస్తారు. ఆ మాట మీకు సెప్పకుండా దిద్దడానికి నాకు మనసొప్పనేదు," అన్నారు.

వసారా చూరు నుంచి మంచునీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. ఆవిడ పెద్దమ్మ, చూపు మందగించిన ముసలావిడ, గుల్లను బుగ్గకు ఆనించుకుని తడిమింది.

"అయితే గుంటా," అంది ఆ డాక్టరేటు మేడాన్ని చిన్నపిల్లను పిలిచినట్టు, "ఇన్నాళ్ళూ మేం తినకుండా మానేసింది ఉత్తినేనా?"

ముందు మేడమే నవ్వారు. తర్వాత ఊరంతా నవ్వింది. నవ్వు ఆగాక, పెద్దమ్మ కొడుకు లేచాడు. మడుగు దిగువన వాళ్ళ మడి. ఆ నీళ్ళతోనే పండుతుంది.

"అప్పుడు నత్త కోసరం ఆపేరు. మన కోసరం ఆపనేదు. ఈసారి మన కోసరం అడుగుదాం," అన్నాడు.

మేడం తల వంచుకున్నారు. కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు.

ఆవిడ రాశారు. తను పెట్టిన పేరు చెల్లదని, పాత పేరే ఉండాలని, ఎందుకో వివరంగా, తన పేరుతోనే అచ్చు వేయించారు. తెలిసినవాళ్ళు కొందరు జాలిపడ్డారు. కొందరు నవ్వారు. కొండ కొలిచేవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఊరు గ్రామసభ పెట్టి ఒప్పుకోం అని తీర్మానం చేసింది. ఆ తీర్మానం పట్టుకుని జీపుల్లో పాడేరు వచ్చి సర్కారు ఆఫీసు ముందు కూర్చున్నారు. తాగేది ఆ నీళ్ళే, పండేది ఆ నీళ్ళతోనే, ఇంకేం చెప్పాలి అన్నారు. మేడం కాలేజీకి సెలవు పెట్టి వాళ్ళ మధ్యలో, పెద్దమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. ఎవరో ఉద్యోగి గుర్తుపట్టి కుర్చీ వేయబోతే, "ఇయ్యాల నాను ఊరి మనిషినండి," అన్నారు. రాకపోకలు చాలాకాలం సాగాయి. చివరికి అనుమతి రాలేదు. కొండ కొండగానే ఉంది.

తర్వాత ఆవిడ మరే నత్తకూ పేరు పెట్టలేదు. దిగులుపడ్డట్టూ కనిపించలేదు. రిటైరయ్యాక తొట్ల పక్కన కూర్చోవడం మాత్రం మానలేదు. పోయినసారి చూడడానికి వెళ్ళినప్పుడు బాగా చిక్కిపోయి ఉన్నారు. మంచం మీంచి కిటికీలోని మంచును చూస్తూ, పడవ ఒడ్డుకు వచ్చిందా అని అడిగారు. వచ్చిందన్నాను. "మన మడుగులో పడవెందుకమ్మా," అని తనే నవ్వారు. సరస్సూ మడుగూ ఆవిడలో ఒకే నీళ్ళయిపోయాయని అప్పుడర్థమైంది.

నేను ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కొండవాలంతా వలిసెపూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. అన్నీ అయిపోయాక మేనకోడలు నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. "అత్త ఏటీ సెప్పనేదు మేడం. తొట్లో నీళ్ళు మార్చమంది, అంతే," అంది. తర్వాత వచ్చినవాళ్ళను చూసుకోవడానికి లేచి వెళ్ళింది.

నేను మడుగు దగ్గరకు నడిచాను. పొద్దు కొండ వెనక్కి వాలుతోంది. నీళ్ళ మీద పొగలా మంచు పుడుతోంది. ఒడ్డు పక్కన నీళ్ళలో సగం మునిగిన ఒక రాయి ఉంది. దాని మీది పచ్చటి పాకుడులో సన్నటి దారి ఒకటి కనిపించింది. దారి చివర ఒక నత్త, కొమ్ములు చాచి, పైకి వస్తోంది. నేను వంగి చూశాను. ఆ దారి రాతి వెంట కిందికి, నీళ్ళలోకి, ఇంకా లోపలికి వెళ్ళింది. ఎక్కడ మొదలైందో కనిపించలేదు.