తేలికది తీసుకో అక్కా

నేను ఇళ్ల బొమ్మలు గీసేదాన్ని. కాగితం మీద కాదు, కంప్యూటర్లో. పొదిలి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా ఇల్లు కట్టుకోవాలనుకుంటే ముందు నా భర్త దగ్గరికి వచ్చేవారు. ఆయన తాపీమేస్త్రీ. ఆయన వాళ్లని నా దగ్గరికి తీసుకొచ్చేవాడు. కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో ముందుగానే చూపించడం నా పని. ఒంగోలులో పాలిటెక్నిక్ చదివినప్పుడు నేర్చుకున్నది కొంత, తర్వాత సొంతంగా నేర్చుకున్నది చాలా.

వానలు కుదిరి మిరపకు ధర వచ్చిన ఏడు మా ఇద్దరికీ ఊపిరి సలపనంత పని ఉండేది. ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఇంకా పునాది కూడా తియ్యని ఇంటిని గుండ్రంగా తిప్పి చూపించేదాన్ని. వాకిట్లోంచి లోపలికి, లోపల్నుంచి డాబా మీదికి. చూసేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు, నిజంగానే ఎవరింట్లోకో వెళ్లినట్టు. ఒకసారి ఒక రైతు భార్య అంతా చూసి, "ఇల్లు బానే ఉందమ్మా, మరి కాయలు యాడ ఆరబోసుకోవాల?" అంది. అక్కడికక్కడే డాబా మీద ఎర్రగా మిరపకాయలు పరిచి చూపించాను. ఆమె వేలితో ఆ ఎరుపుని ముట్టుకుంది. ఆ తర్వాత ఏ రైతింటి బొమ్మ గీసినా డాబా మీద మిరపకాయలు పోసేదాన్ని.

నా చెయ్యి, నా పాత ల్యాప్‌టాప్ ఒకే ఏడు పాడవడం మొదలుపెట్టాయి. ల్యాప్‌టాప్ మూత బందు ఊడిపోయింది, గోడకు ఆనించి వాడేదాన్ని. తెర మీద గీతలు వచ్చాయి. బొమ్మలోని ఇంటికి ఎండా నీడా పట్టించమంటే మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దుగూకేదాకా తిరుగుతూనే ఉండేది. చెయ్యి సంగతి అలా పెద్దగా కనిపించలేదు. మౌస్ మీద చూపుడు వేలు ఆగకుండా జారేది. పచ్చడి జాడీ మూత తిరిగేది కాదు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే కండ కరిగి గుంట పడింది. మొరాయించే మెషిన్‌తో పోరాడి పోరాడి చెయ్యి పాడైందనుకున్నాను. కొత్తది కొనుక్కుంటే చెయ్యి కూడా కుదుటపడుతుందని నిజంగానే నమ్మాను. ఊళ్లో డాక్టరు బలానికి ఇంజెక్షన్లు రాశాడు. నా భర్త కూడా, "మంచి మెషిన్ తీసుకో, ఈ డొక్కుదాంతో ఎవరికైనా నొప్పులే" అన్నాడు.

నా చెల్లెలు గుంటూరులో నర్సు. నా చెయ్యి చూసి, తను పనిచేసే ఆసుపత్రికి రమ్మంది. అక్కడ కండల్లోకి సన్నటి సూదులు గుచ్చి పరీక్షలు చేశారు. డాక్టరు నాతో రెండు మాటలు మాట్లాడి, చెల్లెలితో చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. బయటికి వచ్చాక, "నరాల బలహీనత అక్కా, మందులు వాడాల" అంది. సరే అన్నాను. ఎలాగూ గుంటూరు వచ్చాను కదా, ల్యాప్‌టాప్ కూడా తీసుకుని పోదామన్నాను.

బ్రాడీపేటలో ఒక షాపుకు వెళ్లాం. షాపతను రెండు మెషిన్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లగా, మందంగా, కీబోర్డు కింద ఎర్రటి లైట్లతో ఉంది. దాని చార్జరే ఇటుక ముక్కంత ఉంది. రెండోది బూడిద రంగుది, పలకంత పల్చన.

"త్రీడీ పనికైతే ఇదే మేడమ్" అన్నాడు నల్లదాన్ని చూపించి. "గేములు ఆడేవాళ్లు తీసుకుంటారు. మీ పనికీ ఇదే కావాలి. రెండోది బిల్లులు కొట్టుకోడానికి, వీడియో కాల్స్‌కి బావుంటదండి. మీ సాఫ్ట్‌వేర్ ఓపెన్ అవుద్ది గానీ కదలదు."

పెన్‌డ్రైవ్‌లో నా ఫైలు తీసుకెళ్లాను. దర్శి వైపు ఒక పత్తి రైతుకు గీస్తున్న రెండంతస్తుల ఇల్లు. నల్ల మెషిన్‌లో పెట్టగానే ఇల్లు లేచి నిలబడింది. మా ఇంట్లో పూట పట్టే పని నా కళ్లముందే అయిపోయింది. కిటికీ ఊచల నీడలు గోడ మీద పడ్డాయి. మెట్ల కింద చీకటి వచ్చింది. ఇన్నేళ్లుగా నేను గీసిన ఇళ్లు ఇంత బావుంటాయని నాకే తెలియదు.

"చూడవే" అన్నాను చెల్లెలితో.

తను తెర వైపు చూడటం లేదు. నా చెయ్యి చూస్తోంది. అప్పుడు గమనించాను, నాకు తెలియకుండానే నేను ఎడమచేత్తో పనిచేస్తున్నాను.

"తేలికది తీసుకో అక్కా" అంది.

"దాంట్లో నా పని జరగదని ఆయన చెప్తన్నాడుగా."

"జరక్కపోతే పోనీ. తేలికది తీసుకో."

"పని జరగని మెషిన్ నాకెందుకే? నెత్తిన పెట్టుకోడానికా?"

"అయితే దీన్ని ఒకసారి ఎత్తి చూడు" అంది నల్లదాన్ని చూపించి.

రెండు చేతులూ కింద పెట్టి ఎత్తాను. లేచింది. లేచిందని చెప్పబోయేలోపల కుడివైపు మూల కిందికి జారిపోయింది. షాపతను చప్పున పట్టుకున్నాడు. "పర్లేదండి, కొంచెం బరువే" అన్నాడు మర్యాదగా. నేను నవ్వాను. చెల్లెలు నవ్వలేదు. నన్ను మోచెయ్యి పట్టుకుని షాపు బయటికి తీసుకొచ్చింది.

"ఎందుకు అడ్డం పడతన్నావు? నా పని గురించి నీకేం తెలుసు?" అని గట్టిగానే అడిగాను.

"నీ పని నాకు తెలవదక్కా. నీ జబ్బు తెలుసు."

అక్కడే, బండ్లు ఆపుకునే చోట నిలబడి చెప్పింది. కండల్ని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట. చేతితో మొదలైందట. చేతితో ఆగదట. మందులు వాడితే కొంచెం నిదానిస్తుందట, అంతే. ఆసుపత్రిలో రోగుల తాలూకు వాళ్లతో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టింది గానీ సగంలోనే ఆ గొంతు పోయింది. "డాక్టరు నీకే చెప్తానన్నాడు. నేనే వద్దన్నా. నాలుగు రోజులు నిన్ను మామూలుగా ఉండనిద్దామనుకున్నా" అంది.

మిర్చి బస్తాల లారీ ఒకటి మా పక్కనుంచి వెళ్లింది. ఆ ఘాటుకు రోడ్డు మీద అందరూ దగ్గారు. మేమూ దగ్గాం. మా కళ్లలో నీళ్లు చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు.

నా భర్తకు ఫోన్ చేశాను. జబ్బు సంగతి చెప్పలేదు. ఏది తీసుకోమంటావని మాత్రం అడిగాను.

"పెద్దదే తీసుకో. నువ్వు గీస్తేనే గదా నేను కట్టేది" అన్నాడు. వెనక కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతున్న చప్పుడు. "బరువైతే నేను మోస్తాలే."

లోపలికి వెళ్లి నల్లదే తీసుకున్నాను. తేలికదాన్ని ముట్టుకుంటే డాక్టరు మాటకు నేను సరేనన్నట్టే అనిపించింది. చెల్లెలు ఆ బ్యాగుని తనే భుజానికి వేసుకుని బస్టాండు దాకా మోసుకొచ్చింది. అద్దంకి మీదుగా పోయే బస్సెక్కించి, బ్యాగుని సీటు కింద పెట్టింది. దారిపొడుగునా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. కాళ్ల దగ్గరున్న ఆ బరువుని ఇంటి దగ్గర ఎలా దించాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం నా భర్త కొత్త మెషిన్‌కి వైరు పెడుతుండగా చెప్పేశాను. చేతిలో పని ఆపకుండానే విని, "ఆ డాక్టర్లు అట్టాగే భయపెడతారు" అన్నాడు. వైరు పెట్టాక బయటికి వెళ్లి, మా ఇంటి పక్కన కడుతున్న గోడకు నీళ్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ గోడని అంతకు కాసేపటి ముందే తడిపి వచ్చాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. నీళ్లు గోడ మీంచి కారి ఇసకలోకి పోతున్నాయి. చాలాసేపు అలాగే కొడుతూ ఉన్నాడు.

ఆ పత్తి రైతు ఇంటిని ఎడమచేత్తోనే పూర్తి చేశాను. వానాకాలం వచ్చేసరికి ఎడమ చెయ్యి కూడా మొదలైంది. నల్ల మెషిన్ ఎంత వేగంగా పనిచేసేదంటే నేనొక గీత గీసేలోగా అది పది గీతలకు సిద్ధంగా ఉండేది. పాతది నన్ను వెయిట్ చేయించేది. ఇప్పుడు నేను దీన్ని వెయిట్ చేయిస్తున్నాను. నేను వేలు కదిపేదాకా దాని ఫ్యాను ఊరికే తిరుగుతుండేది. ఆ చప్పుడు వినలేక కొన్నిసార్లు మెషిన్‌ని ఆపేయమని నా భర్తతో అనేదాన్ని.

మందిరంలో ఒక ఆదివారం పాస్టరు గారు నా చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. ఆ మందిరం వరండా గీసింది నేనే. కళ్లు మూసుకుని స్తంభాల మధ్య దూరం గుర్తు చేసుకున్నాను. ప్రార్థన మీద మనసు పెట్టలేకపోయాను. సంఘంలో ఆడవాళ్లు ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు.

ఆఖరిసారి స్థలం దగ్గరికి వెళ్లింది కొత్త ఇల్లు కట్టుకుంటున్న ఒక టీచరు గారి కోసం. నా భర్త బ్యాగు మోసుకొచ్చి, బల్ల మీద పెట్టి, మూత తెరిచాడు. మౌస్ కూడా ఆయనే పట్టుకున్నాడు. నేను పక్కన కూర్చుని చెబుతున్నాను.

"ఎడమకి తిప్పు. అంత కాదు. వెనక్కి రా."

ఇల్లు ఒక్కసారిగా తలకిందులైంది. పునాది ఆకాశంలోకి వెళ్లింది. టీచరు గారి భార్య ఇబ్బందిగా నవ్వింది.

"అటు కాదయ్యా, కిటికీ వైపు."

"కిటికీ యాడుందే దీంట్లో?" అని ఆయన మౌస్ వదిలేశాడు. చేతులు తొడల మీద తుడుచుకున్నాడు. తాపీ పట్టి పట్టి గట్టిబడిన ఆ చేతుల్లో మౌస్ ఆనదని నాకూ తెలుసు. "నా వల్ల కావట్లేదు. నువ్వే తిప్పు" అన్నాడు.

అన్న తర్వాత ఏమన్నాడో ఆయనకే అర్థమైంది. టీచరు గారు లేచి, "నిదానంగా చూద్దాంలే అమ్మా, తొందరేముంది" అన్నారు. వాళ్లు ఒంగోలులో ఇంకొకతని దగ్గర బొమ్మ గీయించుకున్నారు. ఇల్లు మాత్రం నా భర్తే కట్టాడు. వేరేవాళ్లు గీసిన ఇంటికి ఆయన పునాది తియ్యడానికి ముగ్గు పోసిన రోజు నేను వెళ్లలేదు.

నల్ల మెషిన్‌ని ఆ ఒంగోలు అతనికే అమ్మేశాం. తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు తెరిచి చూస్తే ఆ పత్తి రైతు ఇల్లు వచ్చింది. "బాగా గీశారండి, ఈ డాబా మీద ఎర్రగా ఉన్నదేంటి?" అని అడిగాడు. మిరపకాయలని నా భర్త చెప్పాడు. అతను తలూపి మూత వేశాడు.

తేలికదాన్ని చెల్లెలే కొని తెచ్చింది. నన్ను అడగలేదు. ఒళ్లో పెడితే పెట్టినట్టే లేదు. అప్పటికి నా వేళ్లలో టైపు కొట్టే సత్తువ కూడా లేదు. మాట్లాడితే తెలుగులో అదే రాసుకునేలా సర్ది పెట్టింది. "ఏదో ఒకటి చెప్పక్కా. ఊరికే గోడ చూస్తా కూర్చోబాక" అంది. అలా చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు మీరు చదువుతున్నది అలా చెప్పిందే. మొదట్లో ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసేది. నా గొంతు విని అక్షరాలు పడుతుంటే కొన్ని పూటలు చెయ్యి సంగతి మర్చిపోయేదాన్ని.

ఈ మధ్య తప్పులు వస్తున్నాయి. నేను ఒకటంటే అది ఇంకొకటి రాస్తోంది. స్లాబు అంటే సబ్బు అని రాసింది. మళ్లీ చెప్పాను, మళ్లీ సబ్బే. నా భర్త తెర దగ్గరికి వంగి చూసి, "చవకరకం మెషిన్, అందుకే సరిగా ఇనపడట్లా దానికి. మార్పిద్దాం" అన్నాడు. తను ఒకసారి స్లాబు అన్నాడు. అది స్లాబు అనే రాసింది. ఆయన ఆ మాట చూసి బయటికి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం చెల్లెలు గుంటూరు నుంచి వచ్చింది. ఈ సంగతి చెప్పాను. మళ్లీ చెప్పమంది. చెప్పాను. తను తెర చూడలేదు, నా నోటి వంకే చూసింది. తర్వాత నాలుక చాపమంది. టార్చి వేసి చూసింది. అన్నం మింగేటప్పుడు పొలమారుతోందా అని అడిగింది. అప్పుడప్పుడూ అన్నాను.

"సరే, మందులు మారుద్దాం" అంది.

తన మొహం చూస్తే ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. ఇప్పుడు తేలిక మాటలు ఏరుకుని చెబుతున్నాను. కష్టమైన మాట వస్తే దాన్ని వదిలేసి ఇంకోటి వెతుక్కుంటున్నాను. రోజుకు కొన్ని మాటలు పోతున్నాయి. గీసిన ఇళ్లన్నిటి గురించీ చెప్పాలనుకున్నాను. అన్నీ చెప్పలేను.