కుడిపక్క కుట్టిన కథ

నా కథలను మెచ్చుకునేవాళ్లను నేను నమ్మను. మా నిర్మల్ ఊరి బడికి కొత్తగా వచ్చిన పంతులు రాజన్న మీదైతే మరీ అనుమానం, అన్నీ బాగున్నాయంటాడు. రేపు పత్రికకు పంపాల్సిన కథను ఆయనకిస్తే ఈ సాయంత్రం తిరిగిచ్చాడు.

"మస్తుగున్నది సారూ. ఫికర్ చెయ్యకుండ పంపుండ్రి."

"ఏం నచ్చింది?"

"సచ్చిపోయిన ముసలామె ఎనుకకు పోయి పోయి, ఆఖరుకు తొట్టెలల సంటిపిల్లయి నవ్వుతది సూడుండ్రి, గది."

నా కథ ఊయలలో మొదలై చావుతో ముగుస్తుంది. చదవకుండానే పొగుడుతున్నాడని తేల్చుకుని, కాగితాలు లాక్కుని చూశాను. ఉర్దూలో చదువుకున్నవాణ్ని కదా, రాజ్యం మారినా చేతి అలవాటు మారక ఉర్దూ పుస్తకాల్లాగే కుట్టు కుడిపక్క వేశాను. తెలుగు బడిలో చదివిన రాజన్న దాన్ని తెలుగు పుస్తకంలా పట్టుకుని చివరి పేజీ నుంచి చదివాడు. అంకెలు వేయకుండా పేజీకో సంఘటన రాయడం వల్ల ఎక్కడా అడ్డు తగల్లేదు.

ఇంటికొచ్చి నేనూ అటునుంచే చదివాను. అలాగే బాగుంది. రాజన్న మీద అనుమానం తీరింది, కథ రాసినవాడి మీద మొదలైంది. మీరైతే కుట్టు విప్పి ఎడమపక్క వేస్తారా, అలాగే పంపుతారా?