ఇంజనులో ఆముదం పోసిన నాయన, నింద మోసిన పిన్నమ్మ

మా చిన్నప్పుడు... నాయన బస్సు ఇంజనులో ఆముదం పోసేవాడు. అవును, మీరు చదివింది నిజమే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. అప్పుడు మాది కర్నూలు జిల్లా. కొమరోలులో మాకు ఆముదం గానుగ ఉండేది. నాయన ఒక ముసలి బస్సు కొని గిద్దలూరు మీదుగా మార్కాపురానికి తిప్పేవాడు. ఇంజనాయిలు తగ్గినప్పుడల్లా గానుగ నుంచి ఒక చెంబెడు ఆముదం తెచ్చి పోసేవాడు. డ్రైవరు ఖాదర్ మామ వద్దంటే, "ఎద్దులబండి ఇరుసుకు ఆముదమే గదరా పెట్టేది? దీనికేం వచ్చినాది మాయరోగం?" అనేవాడు.

ఆ రోజు మా పిన్నమ్మ బస్సెక్కింది. అమ్మకు చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంట్లోనే ఉండేది. మార్కాపురం ఆసుపత్రిలో నర్సు పని నేర్పుతారని తెలిసి, నాయనను బతిమాలి బతిమాలి ఒప్పించింది. మధ్యాహ్నం లోపల పోయి చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నన్ను తోడు పంపారు. ఎంత సంబరమో ఆమెకు! దారి పొడుగునా నా చేయి వదల్లేదు.

తర్లుపాడు ఇంకా రాకముందే ఖాదర్ మామ బస్సు ఆపి, పక్కన కూర్చున్న నాయన వైపు తిరిగాడు. "అన్నా, ఆయిల్ మీటరు ముల్లు కిందికి పడిపోయినాది" అన్నాడు.

నూనె కొలిచే కమ్మీ ముంచి తీస్తే నూనె నిండుగానే ఉంది. "నూనె ఉండాది గదా! మీటరే చెడింటాది, పోనియ్" అన్నాడు నాయన.

కొంచెం దూరం పోయామో లేదో ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు మోత... ఒక్కసారిగా బిగుసుకుపోయి ఆగిపోయింది. మాడిన ఆముదం కంపు!

అంతకంటే కంపు మనుషుల నోళ్ళు. వెనక సీటు పెద్దమనిషి ఒకడు, "నూనె నిండా పెట్టుకొని ఇంజను ఎట్ల ఆగుతాది? ముండమోపిని ముందు సీట్లో కూర్చోబెట్టినారు, ఇంకేమైతాది?" అన్నాడు. చాలామంది తలలూపారు.

నాయన వాడి నోరు మూయిస్తాడనుకున్నాను... ఆయన పిన్నమ్మ వైపు తిరిగి, "దిగు. దూరంగా పోయి నిలబడు" అన్నాడు.

"బావా, పొద్దు పోతాంది. నేను నడిచైనా పోతా."

"నువ్వింక ఏడికీ పోయే పని లేదు."

మూట చంకన పెట్టుకుని ఆ ఎండలో రోడ్డు పక్కన నిలబడింది.

ఇంజను చల్లారాక ఖాదర్ మామ కిందికి దూరి అడుగున ఉండే నూనె తొట్టి విప్పాడు. పాత ఇంజనాయిలూ ఆముదమూ కలిసి ఉడికి, నల్లటి జిగట ముద్దయి, నూనెను పైకి పీల్చే జల్లెడంతా పూడుకుపోయింది. నూనె ఉంది... పైకి ఎక్కే దారి లేదు. ఆ ముద్ద తీసి, "మన ఆముదమే అన్నా" అని నాయన చేతిలో పెట్టాడు.

నాయన దాన్ని వేళ్ళతో నలిపి చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. పంచెకు చేయి తుడుచుకుని, "ఈ మాట ఎవురితోనూ అనొద్దు" అని గొణిగాడు. పక్కనే ఉన్న నాకు వినపడింది. ఆ తర్వాత అందరికీ వినపడేట్టు, "ఊర్లోకి పోయి నిమ్మకాయలు పట్టుకరా పోరా, దిష్టి తీయాల" అన్నాడు!

ఛీ... ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు. మద్దెలకైతే ప్రాణం ఉండదు. కన్నతండ్రే అయినా చెబుతున్నాను, ఆ రోజు పుట్టిన అసహ్యం ఇంతవరకు పోలేదు.

పిన్నమ్మకు చోటు పోయింది. ఇంజను బాగైంది, ఆముదం పోయడం మానేశారు. కానీ బస్సు బయల్దేరే వేళకు పిన్నమ్మ పెరట్లోకి పోవాలని ఇంట్లో కట్టడి పెట్టారు.

ఒకరోజు పెరట్లో ఆమెకు అసలు సంగతి చెప్పేశాను. "తెలుసులే అమ్మీ. ఆ వాసన నాకు మాత్రం రాలేదా?" అని చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది.

ఇప్పుడు మా వైపు ఆడపిల్లలు ఒంటరిగా బస్సెక్కి, మార్కాపురం పోయి, ఉద్యోగాలు చేసుకుని సాయంత్రానికి ఇల్లు చేరుతున్నారు. చూస్తే సంతోషంగా ఉంటుంది... ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది.

మీ ఇళ్ళలో కూడా ఇట్లా ఒకరి తప్పు మోసినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు కింద రాయండి. మా పిన్నమ్మ పేరు సుబ్బరత్నమ్మ.