నూనె చల్లని ఊరు

మొన్న మోత్కూరులో దోమల నివారణ సభ పెట్టారు. నిజాం జమానాలో మన దిక్కున చలిజ్వరం మీద జరిగిన పరిశోధనను ఒక పెద్ద డాక్టరు చాలాసేపు పొగిడి, మా పక్క ఊరి పేరు చెప్పి, మా ఊరి పేరు మాత్రం ఎత్తలేదు. నేను లేస్తే, టైం అయిపోయింది కూర్చో పెద్దాయనా అని చాయ్ పంచడం మొదలుపెట్టారు. నన్ను కూర్చోబెట్టడం ఇది మొదటిసారి కాదు. నా ఈడువాళ్ళయినా చదువుతారని ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో ఏటా వానలు వెనకబట్టాక డాక్టరు, కాంపౌండరు ఎడ్లబండి మీద వచ్చేవారు. పిల్లలందరినీ చావడిలో వరుసగా పడుకోబెట్టి, ఎడమ డొక్క కింద వేళ్ళతో నొక్కి, జ్వరానికి లోపల బల్ల, అదే ప్లీహం, ఎంత పెరిగిందో చూసి, వేలు గుచ్చి నెత్తురు చుక్క గాజుపలక మీద తీసుకొని వెళ్ళిపోయేవారు. పక్క ఊళ్ళోనూ అంతే చేసేవారు గానీ, అక్కడ దోమలు చావడానికి కుంటల మీద నూనె చల్లేవారు. మాకు చుక్క చల్లలేదు. వచ్చే ఏడు మా వంతేమో అనుకుంటూ కూర్చున్నాం.

మా చెల్లెలికి బల్ల బొడ్డు దాకా దిగింది. అమ్మ దాన్ని చంకనేసుకొని పోయి పక్క ఊళ్ళో మేనత్త ఇంట్లో ఉంచింది. అక్కడి పిల్లలను చూడవచ్చిన కాంపౌండరు చెల్లెలిని గుర్తుపట్టి, ఈ పిల్ల ఇక్కడుంటే లెక్క చెడుతుంది, తీసుకుపొమ్మన్నాడు. మేనత్త భయపడి కబురు పంపింది. అమ్మ నన్ను వెంటబెట్టుకొని వచ్చి, ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్న అతని ముందర నేల మీద కూర్చుంది.

"అయ్యా, మా కుంటల గూడ జర నూనె సల్లుండ్రి. గీ ఊరోళ్లే మనుషులా?"

అతను కసురుకోలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"మీ ఊర్ల సల్లొద్దని హుకుం, అమ్మా. మీకు గూడ సల్లితే, నూనెతోని తగ్గిందో ఊకెనే తగ్గిందో మాకెట్ల తెలుస్తది?"

చెల్లెలిని మళ్ళీ మా ఊరికే తెచ్చుకున్నాం. అది ఆ చలికాలం దాటలేదు. మరుసటి ఏడు డాక్టరు దాని పేరు పిలిచి, లేదని చెబితే తలాడించి, తరువాతి పేరు పిలిచాడు.

ఇప్పుడు మా ఊళ్ళో బల్ల పెరిగిన పిల్ల కనబడదు. ఆ పరిశోధన పుణ్యమే అంటారు, నేను కాదనను. కుంటలు పూడిపోయాయి, అమ్మ పోయింది, రెండు ఊళ్ళ పిల్లలూ ఒకే బడికి పోతున్నారు. కానీ ఆ రెండింటిలో మా ఊరిని వదిలేయాలని తేల్చిందెవరు? ఏం చూసి తేల్చారు? ఆ డాక్టరును పంపిన ఆరోగ్య శాఖ ఇంకా ఉంది, అందులో జీతం తీసుకునేవాళ్ళున్నారు. నేను బతికుండగానే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.