సబ్బు బాబాయ్ చేతులు

సబ్బు బాబాయ్ లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రకాలు: కడిగినవి, కడగాల్సినవి. తలుపు గడియలైనా మనుషులైనా అంతే. అంబులెన్సులో రోగి పక్కన కూర్చుని చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఆ బండి నడిపే డ్రైవరు ఎప్పుడు చూసినా రెండో రకమే.

రోగిని ఆసుపత్రిలో దించగానే మిగతా బళ్లవాళ్లు టీకొట్టుకు నడిచేవారు. బాబాయ్ మందునీళ్ల డబ్బా తీసి, స్ట్రెచరు పట్టీలతో మొదలుపెట్టి స్టీరింగు దాకా తుడుచుకుంటూ వచ్చేవాడు.

"దిగినాయనకి కాలు బెణికిందంతే బాబాయ్! అది అంటుకుంటుందా?" అన్నాడు ఓసారి డ్రైవరు.

"దగ్గాడు. నేను విన్నాను."

"పొలమారిందయ్యా!"

"పొలమారినా దగ్గు దగ్గే. కాళ్లెత్తు, కింద తుడవాలి."

కొత్త సూపర్‌వైజరమ్మ కరచాలనానికి చెయ్యి చాపితే అందులో శానిటైజరు పోశాడు. ఆవిడ బిత్తరపోయి చూస్తుంటే, "రెండోది కూడా చాపండమ్మా" అన్నాడు.

చివరికి డ్రైవరు విసిగిపోయి ఆవిడ దగ్గరే మొరపెట్టుకున్నాడు. "నన్ను ఇంకో బండికి మార్చండి మేడమ్. ఈయన తుడుపుళ్లతో వేడి టీ తాగి ఎన్నాళ్లయిందో!" ఆవిడ సరేనంది.

ఆ మధ్యాహ్నమే అతని ఇంటి నుంచి కాల్ వచ్చింది. అతని భార్య క్యాన్సరు మందులు వాడుతోంది. వాటితో ఒంట్లో రోగాన్ని తట్టుకునే సత్తువ పోయింది, చిన్న జలుబు అంటుకున్నా ప్రాణం మీదికొస్తుందని డాక్టర్లు హెచ్చరించారు. అందుకే అతను వసారాలో పడుకుని, ఆమె కంచం గుమ్మంలో పెట్టి వెనక్కి జరిగేవాడు. ఇప్పుడు ఆమెకు జ్వరం వచ్చింది.

డ్రైవరు తాళాలు అందుకుని, బండి వైపు భయంగా చూశాడు. "బాబాయ్, మన బండి..."

"ఇప్పుడే తుడిచాను. పద!"

ఆ మాట అంత తియ్యగా ఉంటుందని డ్రైవరు కలలో కూడా అనుకోలేదు.

బండిలో ఆమెకు సెలైన్ పెట్టాక, బాబాయ్ గ్లవ్స్ తీసేసి, చేతులు శుభ్రంగా రుద్దుకుని, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఉలిక్కిపడింది.

"గ్లవ్స్ వేసుకోండి బాబాయ్‌గారూ!"

"అవి సూదిపనికమ్మా. ధైర్యం చెప్పడానికి ఉత్త చెయ్యే కావాలి. నేను రోజంతా కడుక్కుని చచ్చేది ఇందుకే."

ఆమె ఆ చేతిని వదల్లేదు. అద్దంలో అది చూస్తున్న డ్రైవరుకు కళ్లు చెమర్చాయి.

"అబ్బాయ్, రోడ్డు చూడు!" అని అరిచాడు బాబాయ్.

సమయానికి తెచ్చారు, ఇక భయం లేదని డాక్టరు చెప్పింది. డ్రైవరు గది బయటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"నేను ముట్టుకోవచ్చా బాబాయ్?"

"మాస్కు పెట్టుకో. చేతులు కడుగు."

కడిగి చూపించాడు.

"బొటనవేళ్లు మర్చిపోయావు."

మళ్లీ కడిగాడు.

"గోళ్ల సందులో?"

మళ్లీ కడిగి, ఏదో గుర్తొచ్చి జేబు వైపు చెయ్యి పోనిచ్చాడు. "మేడమ్‌కి ఫోన్ చెయ్యాలి. నన్ను మార్చొద్దని..."

"ఫోను ముట్టుకున్నావంటే మళ్లీ మొదటి నుంచి కడగాలి! ముందు లోపలికి పో."

డ్రైవరు వెళ్లి భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బ! ఏంటండీ, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి?"

"కుళాయి దగ్గర బాబాయ్ వదిలితేగా!"

ఆమె నవ్వింది. "అయితే వేడెక్కేదాకా మీరూ వదలకండి."