బతికినవాళ్ళకివ్వని బండి

అంతయ్యన్నకు ప్యాంటు కొలతలు తీయడం వచ్చు గానీ, మనుషుల కొలతలు తెలియవని చాలాకాలం అనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్ఫై ఏళ్ళు బట్టలు కుట్టాడు. ఏం జరిగినా ఒకటే మాట: "దేవునికి ప్లాన్ ఉంటది, బాపిరాజు సార్." మిషన్ బెల్టు తెగినా ప్లానే, దుకాణం కిరాయి పెరిగినా ప్లానే. రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసిన రోజు కూడా అదే అన్నాడు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే నేను, ఆ ప్లానేదో కాగితం మీద గీసి చూపించమనేవాణ్ణి. నవ్వేవాడు. తుర్కయంజాల్‌లో మా ఇళ్ళు ఎదురెదురు.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు లేవు. వారానికి రెండుసార్లు దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రిలో డయాలసిస్ జరగాలి. సోమవారం తప్పిపోయింది. గురువారం బంద్. ఈ ఒక్కటీ తప్పితే మనిషి దక్కడని డాక్టరు ఫోన్లో చెప్పేశాడు. ఒళ్ళంతా నీరు పట్టి, ఆయాసంతో ఉన్న మనిషి నా స్కూటర్ మీద కూర్చోలేడు. ఆటోవాళ్ళు అద్దాలు పగులుతాయని రామన్నారు. అంబులెన్సు దొరకలేదు.

బంద్‌లో ఎవరూ ఆపని బండి మా వాడలో ఒకటే ఉంది: అంతయ్యన్న వెళ్ళే చర్చివాళ్ళ శవాల బండి.

ఆయన భార్య ముత్తమ్మ, నేనూ చర్చికి పరిగెత్తాం. సంఘ కార్యదర్శి ప్రసన్నకుమార్ పన్నెండుమందితో ఉపవాస ప్రార్థనలో ఉన్నాడు.

"మీ ఆయన కోసమేనమ్మా. పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

"ప్రార్థన మంచిదే సార్. జర బండియ్యరాదు?"

"బండా? తీర్మానం ఉందమ్మా. ప్రభువునందు నిద్రించినవారికి మాత్రమే. ఇవాళ మీకిస్తే రేపు పెళ్ళికడుగుతారు."

"శవాల బండి పెండ్లికెవరడుగుతరు సార్?"

"అయినా నియమం నియమమే. ఓపిక పట్టండి" అన్నాడు.

ఓపిక పడితే అర్హత దానంతటదే వచ్చేది.

బయట బండి డ్రైవరు సైదులు అంతా విన్నాడు. "తాళం నా జేబుల ఉన్నది. నడువుండ్రి."

"నీ ఉద్యోగం పోతుంది సైదులూ."

"పోనీ సార్. ఈ అంగీ అన్న కుట్టిందే. పదేండ్లాయె, ఒక్క కుట్టు ఊడలే."

అంతయ్యన్నను బండిలోకి ఎక్కించాక సైదులు పథకం చెప్పాడు. "అన్నా, బట్ట కప్పుకొని కండ్లు మూసుకో. వదినా, నువ్వు ఏడువాలె. బాపిరాజు సార్, మీరు మాత్రం నోరు తెరవకుండ్రి. మీ ఆంధ్రా మాటలు ఇన్నరంటే అందరం పండాలె."

"నేను పండ" అన్నాడు అంతయ్యన్న, ఊపిరి కూడగట్టుకుని. "దేవుడు పానం ఉంచిండు. సచ్చిన అని ఎట్ల చెప్పాలె?"

"అన్నా, మిమ్మల్ని కాసేపు పడుకోబెట్టడం కూడా ఆయన ప్లానేమో!" అని అరిచాను.

"ఆయన ప్లాన్ల అబద్ధం ఉండదు సార్."

శవపేటిక పెట్టే బల్ల మీద, కిటికీ పక్కన, బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో జెండాలు పట్టుకున్న కుర్రాళ్ళు బండిని చూసి టోపీలు తీశారు. దారి ఇచ్చారు. సరిగ్గా అప్పుడే అంతయ్యన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బిడ్డా, నేనింకా సావలే."

ఒకడు కెవ్వుమన్నాడు. వాళ్ళ నాయకుడు నరేష్‌కుమార్ ముందుకొచ్చాడు. "ఏందిది? తమాషనా?"

దొంగ ఏడుపుకి సిద్ధమై వచ్చిన ముత్తమ్మ నిజంగానే ఏడ్చింది. "దవాఖానకు పోవాలె బిడ్డా. ఏ బండీ దొరకక గిదెక్కినం."

"దవాఖానకంటే ఆపుతమా పెద్దమ్మా? పొద్దుగాల రెండు అంబులెన్సులకు మేమే తొవ్వ ఇప్పించినం. మమ్మల్ని ఒక్కలన్న అడిగిన్రా?"

ఎవరమూ అడగలేదు. చర్చికి నియమం గుర్తొచ్చింది, సైదులుకి నాటకం తోచింది, నాకు భయమేసింది. అడగాలని ఒక్కరికీ తోచలేదు.

నరేష్‌కుమార్ బైకు మీద ముందు నడుస్తూ ఆసుపత్రి గేటుదాకా దారి తీశాడు. నోరు తెరవద్దన్న మాట మరిచిపోయి నేను, "చాలా థాంక్సండీ బాబూ" అన్నాను. సైదులు కళ్ళు మూసుకున్నాడు.

"ఆంధ్రానా సార్?" అంటూ నరేష్‌కుమార్ ఓ మంచినీళ్ళ ప్యాకెట్ నా చేతిలో పెట్టాడు. "మొఖమంత చెమట పట్టింది. తాగుండ్రి."

అంతయ్యన్న దక్కాడు.

ఆదివారం ముత్తమ్మ పిలిస్తే నేనూ చర్చికి వెళ్ళాను. ప్రసన్నకుమార్ లేచి సాక్ష్యం చెప్పాడు. ప్రభువు తన హృదయాన్ని ప్రేరేపించగా, తీర్మానాన్ని సైతం పక్కనపెట్టి బండిని పంపించాడట. అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది అంతయ్యన్నే.

బయటికొచ్చాక నిలదీశాను. "అతను ఇవ్వలేదు గదా అన్నా!"

"ఇయ్యలే. గిప్పుడు ఇచ్చిన అని అందరి ముంగట ఒప్పుకున్నడు గదా. ఇంగ బతికినోళ్ళకు ఇయ్యనని ఎట్లంటడు? సైదులు నౌకరి ఎట్ల తీస్తడు?"

సమ్మె ముగిసేదాకా వారానికి రెండుసార్లు ఆ బండే వచ్చింది. ప్రసన్నకుమార్ ఎదురొచ్చి తలుపు తీసేవాడు.

రాష్ట్రం వచ్చిన నెలలోనే అంతయ్యన్న పోయాడు. ఆసుపత్రి నుంచి తుర్కయంజాల్‌కి అదే బండి, అదే సైదులు. ఈసారి అంతా తీర్మానం ప్రకారమే. ఎల్బీనగర్ చౌరస్తాలో సైదులు అలవాటుగా వేగం తగ్గించాడు. ఎవరూ ఆపలేదు.

అద్దంలోంచి వెనక్కి చూసి, "ఈసారి అన్న పండుకున్నడు సార్" అన్నాడు.